తప్పంతా గేటుదే

ఆ ఇంటి మావగారికి ఉన్నది ఒకే ఒక్క చాదస్తం. ఇంట్లో ఎవరు ఏ పొరపాటు చేసినా, దాన్ని తీసుకెళ్ళి ఏదో ఒక యంత్రం నెత్తిన రుద్దేవారు.

కాపురానికి వచ్చిన కొత్తలో కోడలికి ఇది బొత్తిగా అంతుబట్టలేదు. ఓ పూట అత్తగారు కూరలో ఉప్పు రెండుసార్లు వేశారు. అందరూ మంచినీళ్ళ కోసం తడుముకుంటుంటే, మావగారు తాపీగా ఇంకో ముద్ద కలుపుకుంటూ, "ఇది మిక్సీ పని," అన్నారు.

"మిక్సీకీ ఉప్పుకీ ఏమిటి మావయ్యా సంబంధం?"

"అది అంత రొద పెడుతుంటే, ఉప్పు వేసిందీ లేనిదీ మనిషికి గుర్తుంటుందా అమ్మాయ్?"

కొడుకు నిద్ర లేవక ఆఫీసుకు ఆలస్యమైతే, ఏసీ జోకొట్టిందనేవారు. పనావిడ చేతిలో గ్లాసు పగిలితే, "గీజరు నీళ్ళు అలా కాల్చి వదిలితే ఎవరి చెయ్యి ఆగుతుంది?" అని ఆవిడ నోరు తెరవకముందే వకాల్తా పుచ్చుకునేవారు. వీధిలో అందరూ ఆయన్ని 'ప్లీడరు గారు' అని పిలిచేవారు. ఆయన జన్మలో కోర్టు మెట్లెక్కింది లేదు. రిటైరయ్యేదాకా నూలు మిల్లులో సూపర్‌వైజరు. అక్కడ కూడా ఎవరి చేతిలో దారం తెగినా యంత్రానిదే తప్పని రాసేవారట.

అన్ని యంత్రాల్లోకీ ఎక్కువ తిట్లు తిన్నది గేటు కంట్రోలరు. స్తంభానికి బిగించిన పాత పెట్టె అది. రిమోట్ నొక్కితే రెండు ఇనప తలుపుల్నీ లోపలికి తెరిచేది, మళ్ళీ మూసేది. కోడలు కారు నేర్చుకుంటున్న రోజుల్లో, బండిని వెనక్కి నడుపుతూ లోపలికి తెస్తుండగా, గేటు దగ్గర బెదిరి కళ్ళు మూసేసుకుంది. ధడేల్‌మని చప్పుడైంది. కళ్ళు తెరిచి చూసేసరికి కారుకు సొట్ట పడి ఉంది. మావగారు వరండాలోంచి ఉరికొచ్చి పెట్టె మీద విరుచుకుపడుతున్నారు.

"బుద్ధుందా నీకు? పిల్ల కారు తెస్తుంటే మూసుకుంటావా?"

"గేటు దానంతటదే కదిలిందా మావయ్యా?"

"కదలకపోతే నేనెందుకు తిడతాను?"

ఆ సమయంలో కళ్ళు తెరిచి ఉన్నది ఆయనొక్కరే కాబట్టి, ఆ సాక్ష్యానికి తిరుగులేకపోయింది. ఇక జన్మలో స్టీరింగు ముట్టనని ఆమె తాళాలు బల్లమీద పడేసింది. మర్నాడు పొద్దున్నే ఆయన ఆ తాళాలు ఆమె చేతిలో పెట్టి, తను పక్కసీట్లో ఎక్కి కూర్చుని, "పద, కూరగాయలు తెద్దాం. గేటు సంగతి నేను చూసుకుంటాగా," అన్నారు. ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆగలేదు. ఇప్పుడు ఊరవతల ఆస్పత్రిలో తన ల్యాబ్ ఉద్యోగానికి రోజూ తనే నడుపుకుంటూ వెళ్తోంది.

గేటు మాత్రం అపకీర్తి మూటగట్టుకుంది. పాలు ఆలస్యమైనా గేటే, పార్సెల్ వెనక్కి వెళ్ళిపోయినా గేటే. వినీ వినీ విసిగిపోయిన కొడుకు ఓ ఆదివారం కొత్త కంట్రోలరు కొనుక్కొచ్చాడు.

మావగారి మొహం వాడిపోయింది. "పాతది బాగానే ఉంది కదరా!"

"బాగుందా? కార్లమీద పడుతుందనీ, వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వదనీ రోజూ మీరే కదా నాన్నా చెప్పేది?"

మావగారు నోరు తెరిచి, కోడలి వైపు చూసి, మళ్ళీ మూసుకున్నారు.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. ఏ వైరు ఎక్కడిదో మరిచిపోకుండా ముందు పెట్టె లోపలంతా ఫోటోలు తీసుకున్నాడు. సెలవులో ఉన్న కోడలు చూద్దామని దగ్గరకు రాబోతే, మావగారికి ఎక్కడలేని కంగారు పుట్టుకొచ్చింది.

"అమ్మాయ్, ఆయనకు మంచినీళ్ళు!"

తెచ్చింది.

"కాఫీ?"

అదీ తెచ్చింది.

"ఎండ మండిపోతోంది, లోపల్నించి గొడుగు..."

"ఆయన నీడలోనే ఉన్నారు మావయ్యా."

మెకానిక్ తలెత్తాడు. "ఎందుకు మారుస్తున్నారు మేడం? పాతదే గానీ, లోపమేం లేదు."

"కారుమీదకు మూసుకుపోయింది కదండీ."

"అలా జరగదే! దీనికి సెన్సర్ ఉంది." గేటు మధ్యలో బకెట్ పెట్టి రిమోట్ నొక్కాడు. తలుపులు కదల్లేదు. బకెట్ తీసి నొక్కితే బుద్ధిగా మూసుకున్నాయి. "తగిలిందీ అంటే గేటు నిలబడే ఉంటుంది మేడం. కారే వచ్చి..."

మావగారికి ఉన్నట్టుండి పెద్ద దగ్గు వచ్చింది.

కోడలికి ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ వెనకే నవ్వూ వచ్చింది. ఆ రోజు ఆయన పెట్టెను తిట్టకపోతే ఆ తాళాలు ఇంకా బల్లమీదే ఉండేవి. ఉప్పు, గ్లాసు, ఏసీ అన్నీ ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. ఎంత వెతికినా, ఆయన తన సొంత తప్పును యంత్రంమీదకు నెట్టిన సందర్భం మాత్రం గుర్తుకు రాలేదు.

"మావయ్యా, మీకూ మంచినీళ్ళు తేనా?" అంది, ఏమీ ఎరగనట్టు.

"తేమ్మా," అన్నారాయన నేల చూపులు చూస్తూ.

పనిముట్లు అందుబాటులో ఉంటాయని మెకానిక్ తన బైకును మూసిన గేటు లోపలివైపుకు జరుపుకుని, కొత్త పెట్టె బిగించాడు. "సెన్సర్ ఇంకా కలపలేదు సార్. చేతులు కడుక్కొస్తా, అందాకా ఏదీ నొక్కకండి," అని కొత్త రిమోట్ వరండాలో పెట్టి పెరట్లోకి వెళ్ళాడు.

ఈ కొత్తదాంట్లో లోపమేమిటో కనిపెట్టాలని మావగారికి ఒకటే దురద. రిమోట్ తీసుకున్నారు. నొక్కారు. ఇనప తలుపు హుందాగా తెరుచుకుంటూ వచ్చి బైకును నెట్టింది. అది మెల్లగా పక్కకు వాలి, అత్తగారి గులాబీ కుండీమీద విశ్రమించింది. బైకుకు ఏమీ కాలేదు. కుండీ ముక్కలైంది.

అత్తగారు పరుగెత్తుకొచ్చారు. "ఎవరి నిర్వాకం ఇది?"

"అదీ... నేనే..." అని నసిగారు, ఊరందరి తరఫునా వాదించిన మావగారు.

"కొత్త పెట్టె అత్తయ్యా," అంది కోడలు గబుక్కున. "ఇంకా మన ఇంటికి అలవాటు పడలేదు. మావయ్య అసలు రిమోట్ ముట్టుకోనే లేదు."

రిమోట్ ఇంకా మావగారి చేతిలోనే ఉంది. అత్తగారు దాన్ని చూశారు, ఆయన్ని చూశారు, కోడల్ని చూశారు.

"అలాగా! అయితే ఆ పెట్టెను వెళ్ళి చీపురు తెచ్చుకుని మట్టి ఎత్తమను," అని లోపలికి వెళ్ళిపోయారు.

మావగారు చీపురు కోసం పెరట్లోకి నడిచారు.