ముట్టించని చుట్ట

మా పోస్టుమాస్టరు సార్ పోయారన్న కబురు పొద్దున్నే షట్టరు ఎత్తుతుండగా ఫోనులో వచ్చింది. చేసింది ఆయన భార్య. "అమ్మా, మీ సార్ నిద్రలోనే పోయినాడు. గుండె నిల్చిపోయిందంట. ఆ కంప్యూటరు గుంపులో నువ్వే సెప్పల్ల," అంది. గొంతులో ఏడుపు లేదు. నేనే షట్టరు సగంలో వదిలేసి మెట్టు మీద కూలబడ్డాను.

మదనపల్లెలో నాది ఆరు కంప్యూటర్ల నెట్ సెంటరు. సార్ పుంగనూరులో పోస్టుమాస్టరుగా రిటైరై మా వీధిలో ఇల్లు తీసుకున్నారు. మొదటిసారి లోపలికి వచ్చినప్పుడు ఆయన పెదవుల మధ్య బొటనవేలంత లావు చుట్ట ఉంది. నాకు పొగ పడదు, పైగా నోరు ఊరుకోదు. "సార్, ఈడ సుట్ట తాగగూడదు. మిషన్లు పాడైపోతాయి," అని గట్టిగానే అన్నాను. ఆయన చుట్ట తీసి కొస నా వైపు తిప్పారు.

"ముట్టించినానా అమ్మా?"

నాలుక కరుచుకున్నాను. ఆ తర్వాత నెలల తరబడి చూశాను, ఆ చుట్టకు నిప్పు తగిలిందే లేదు. వాసన చూసేవారు. చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో మెల్లగా నొక్కి ఆకు చప్పుడు వినేవారు. మళ్లీ జేబులో పెట్టుకునేవారు. ఒకరోజు సెంటరులో ఎవరూ లేనప్పుడు ఆయనే చెప్పారు: "నాలిక మీద పుండు లేసింది. వేలూరు ఆస్పత్రిలో కోసి తీసినారు. మానేసి ఏడేండ్లాయ. ఈ మాట నీ కాడే ఉండనీ." సరేనని మాటిచ్చాను.

ఆ మాట ఎందుకంత ముఖ్యమంటే, ఆయన ఇంటర్నెట్టులో ఒక గుంపు నడిపేవారు. చుట్టలంటే పడిచచ్చే నలభై మంది గుంపు అది. బెంగుళూరులో ఒకరు, గల్ఫులో ఇద్దరు, గుంటూరు పక్క పొగాకు రైతులు కొందరు, తక్కినవాళ్లు మన చుట్టుపక్కల వాళ్లే. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటూ ఏ ఆకు ఎట్లా కాలుతుంది, ఎండాకాలం చుట్ట పెళుసుబారకుండా కుండకు తడిగుడ్డ ఎట్లా చుట్టాలి, ఇదే గోల. అక్కడ సార్ మాటే చివరి మాట. "సుట్ట తొందరోనికి కాదప్పా," అని రాసేవారు. "నిప్పు అడిగినోడు పగోడైనా సరే, లేదనగూడదు," అని రాసేవారు. తాను తాగుతున్నట్టు ఒక్క అబద్ధం రాయలేదు. మానేసినట్టూ రాయలేదు.

గుంపుకు ఆయన పెట్టిన ఒకటో రూలు కూడా చెప్పాలి. "ఈడ జబ్బుల మాట, మందుల మాట వద్దు. మానమని సెప్పేవాళ్లు మన ఇండ్లల్లో ఉండారు." అందరూ ఆ రూలు చదివి నవ్వుకునేవాళ్లు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

నాలుగేళ్ల కిందట ఆయన కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నెల రోజులు తెర చూడకూడదన్నారు. గుంపులో ఎవరేం రాసినా ముందు మోడరేటరు దగ్గర ఆగుతుంది. మోడరేటరు ఒప్పుకుంటేనే నలుగురికీ కనిపిస్తుంది. ఆ కాపలా పని నాకు అప్పగించారు. ఆపరేషన్ ముందురోజు ఆయన చెబితే నేనే టైపు చేశాను: "కొత్త మోడరేటరు వస్తాండాది. ఈయమ్మకు పొగ పడదు. మర్యాదగా ఆహ్వానించండి." గంటలో ఎగతాళి మొదలైంది. చుట్ట తాగని ఆడమనిషి చుట్టల సంఘానికి పెద్దా అని ఒకరు, ముందు ఒక దమ్ము లాగి రమ్మనండని ఇంకొకరు. నేను ఎర్రబడి కుర్చీలోంచి లేచాను. సార్ తాపీగా జవాబు చెప్పారు: "కల్లంగడికి కాపలా తాగుబోతును పెడతారాప్పా?" దాంతో నోళ్లు మూతపడ్డాయి. ఒక్కొక్కరే వరసగా నమస్కారాలు పెట్టారు.

మూడో రోజు నా దగ్గర ఒక జాబు ఆగింది. రామకుప్పం పక్క రాగి రైతు రాసింది. అడివి ఏనుగులు చేలో పడకుండా మంచె మీద కూర్చుని చుట్ట మీద చుట్ట కాల్చే మనిషి. వారానికొకసారి కూరగాయలు వేసుకుని కుప్పం వచ్చినప్పుడు మాత్రం నెట్ సెంటరుకు పోయి రాసేవాడు. "నాలిక పక్కన పుండు. రెండు నెల్లాయ, మానలేదు. కారం తగిలితే పానం పోతాంది. మంట తక్కువుండే సుట్ట ఏదో సెప్పండి," అని రాశాడు.

ఒకటో రూలు ప్రకారం ఆ జాబు తీసి పారేయాలి. నేను తీయలేదు, గుంపుకు చూపనూ లేదు. ఆ ఒక్కడికే విడిగా రాశాను, వెంటనే డాక్టరుకు చూపించుకో అన్నా, అని. వారం గడిచాక జవాబు వచ్చింది. "కోతలు కానీ అమ్మా, సూద్దాం. నువ్వు తాగవు, నీకేం తెలుసు? పెద్దాయన్ని అడుగు, ఆయప్పకు తెలస్తాది."

కోతలకు ఇంకా రెండు నెలలుంది. నేను సెంటరు మూసి సార్ ఇంటికి పరుగెత్తాను. కంటికి పచ్చగుడ్డ కట్టుకుని మంచం మీద ఉన్నారు. రెండు జాబులూ చదివి వినిపించాను. "మీ సంగతి ఒక్కటి చెబితే డాక్టరు దగ్గరికి పోతాడు సార్. నా మాట వినడు," అన్నాను.

"రూలు రూలే," అన్నారు.

"మనిషి పోతాడు సార్!"

"నేను మానేసినానని తెలిస్తే ఆ గుంపులో ఒక్కడుంటాడా? నలభై ఏండ్లు అందరికీ ఉత్తరాలు పంచినా. రిటైరైనాక నా కోసం ఎదురుసూసేది ఆ నలభై మందే. ఆ ఒక్కటీ పీకేస్తావా?" మంచం మీద లేచి కూర్చున్నారు. ఆయన్ని అట్లా ఎప్పుడూ చూడలేదు, నాకు భయమేసింది.

వంటింట్లోంచి ఆయన భార్య వచ్చింది. చేతులకు పిండి ఉంది. "వేలూరు నీ అంతట నువ్వు పోయినావా? నేను సొక్కా పట్టి బస్సెక్కిస్తే పోతివి. ఆయప్పకు అట్ల పట్టుకోని ఎక్కించేవాళ్లు ఉండారో లేదో," అంది.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను చెప్పులేసుకుంటుండగా వెనక నుంచి అడిగారు.

"మోడరేటరు ఎవురు?"

"నేనే సార్."

"మరి నన్నడుగుతావేల?"

అది అనుమతో, కోపమో నాకు తెలియదు. ఈరోజుకీ తెలియదు. సెంటరుకు వచ్చి ఆ రైతు జాబును గుంపులోకి వదిలాను. కింద నేను రాశాను: "మన పెద్దాయనకు ఇదే పుండు లేచింది. కోయించుకున్నారు. ఏడేళ్లుగా ఆయన చేతిలో ఉండేది ముట్టించని చుట్ట. బతికి ఉన్నారు కాబట్టే మీకు పాఠాలు చెబుతున్నారు. అన్నా, నువ్వూ పో." ఇచ్చిన మాట తప్పానని నాకు తెలుసు. రాత కనిపించాక కుర్చీలో అట్లాగే ఉండిపోయాను.

మరునాటికి ఐదుగురు గుంపు వదిలేశారు. ఇన్నాళ్లూ గుడ్డివాడి దగ్గర రంగుల పాఠం నేర్చుకున్నామా అని బెంగుళూరాయన రాశాడు. కుప్పం నుంచి మాత్రం పలుకు లేదు. ఒక వారం గడిచింది. రెండో వారమూ గడిచింది. కట్టు విప్పాక సార్ ఒకసారి వచ్చి అన్నీ చదివారు. బెంగుళూరాయన మాట దగ్గర కొంచెం ఆగారు. నా ముఖం చూడకుండా లేచి వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. రెండు వైపులా చెడ్డాను కదా అని కుమిలిపోయాను. సెంటరుకు ఎవరొచ్చినా విసుక్కునేదాన్ని.

ఐదో వారం జాబు వచ్చింది. దాన్ని ప్రింటు తీసి పరుగున వాళ్లింటికి తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాను. "వేలూరు నించి వచ్చినా. కోసినారు. ఇంకో మూడు నెల్లు ఆలస్యమైతే మాటే ఉండదన్నారు. ఇప్పుడు మాట ముద్దగా వస్తాంది. టైపు కొట్టేదానికి నాలిక అక్కర్లేదు కదా పెద్దాయనా?" అని ఉంది. సార్ రెండుసార్లు చదివి పెద్దగా నవ్వారు. కళ్లు తుడుచుకుంటూ, "ఆపరేసన్ కన్ను, నీళ్లు కారతాది," అన్నారు. రెండు కళ్లూ తుడుచుకున్నారు లెండి.

మర్నాడు చుట్టతో సహా వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. "ఆ ఒకటో రూలు తీసేయ్," అన్నారు.

"తీసేసి నెల దాటింది సార్."

"నన్నడగకుండానా?"

"మోడరేటరు ఎవరు సార్?"

"తగినదాన్నే పెట్టినా!" అని కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. వెళ్లిపోయిన ఐదుగురిలో ముగ్గురు తిరిగి వచ్చారు. వాళ్లలో బెంగుళూరాయన కూడా ఉన్నాడు.

ఇప్పుడు సార్ దినం పుంగనూరులో ఆయన తమ్ముడి ఇంట్లో చేశారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి మిద్దె మీద ఉంచి, కాకి ముట్టే దాకా చూడడం మన ఆనవాయితీ. కాకి ముట్టకపోతే ఆయనకేదో కోరిక మిగిలిపోయిందంటారు. అన్నం, వడలు, పాయసం పెట్టారు. సార్ భార్య ఆయన జేబులోని చుట్ట తెచ్చి పక్కన పెట్టింది. సార్ తమ్ముడు అగ్గిపెట్టె తీశాడు. ఆమె దాన్ని లాక్కుని పిడికిట్లో బిగించింది.

కాకి రాలేదు. ఎండ నెత్తిన పడుతోంది. గోడ మీద రెండు కాకులు కూర్చుని చూస్తున్నాయే గాని దిగడం లేదు. జనం గుసగుసలు మొదలుపెట్టారు.

"ముట్టించల్ల వదినా! అన్నకు ఆశ మిగిలిపోయినట్లుండాది," అన్నాడు తమ్ముడు. "నిప్పు అడిగినోనికి లేదనగూడదని ఆయప్పే సెప్పేవాడు కదా."

"అవునప్పా. అడగనీ, ఇస్తాను," అంది ఆమె.

నా పక్కన రామకుప్పం రైతు నిలబడి ఉన్నాడు. ఆ రోజే ఆయన్ని మొదటిసారి చూడడం. ముద్దముద్దగా, "వద్దు తల్లీ, ఈయొద్దు," అన్నాడు. నేను మనసులో సార్‌నే బతిమాలుకున్నాను, ఆమెను నలుగురిలో ఓడించొద్దని.

ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ నడిచింది. చుట్ట దగ్గర ఆగి ముక్కుతో ఒకసారి పొడిచింది. అది చుట్టను పక్కకు నెట్టి వడ కరుచుకుని ఎగిరిపోయింది.

అందరూ కదిలారు. తమ్ముడు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆమె మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. దగ్గరికి వెళ్లి ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పాను. అగ్గిపెట్టె నుజ్జునుజ్జయిపోయి, విరిగిన పుల్లలు అరచేతిలో గుచ్చుకుని ఉన్నాయి.