గుప్పెడు ఉప్పు, గిన్నెడు పెసరకట్టు

మొన్న ఆదివారం మా కోడలు సెల్‌ఫోను నా ముక్కు దగ్గర పెట్టి, మూడే దినుసులు, ఇరవై నిమిషాలు, నూనె చుక్క లేదు అని ఊరిస్తూ ఒక వంట చూపించింది. తెల్లటి వంటగదిలో ఎవరో అమ్మాయి గాజుగిన్నెలో పెసరపప్పు ఉడకబెట్టి, జీలకర్రపొడి చల్లి, దానికి సూపు అని పేరు పెట్టి, ఒక చెంచాడు తాగి హాయిగా కళ్ళు మూసుకుంది. నేనూ కళ్ళు మూసుకున్నాను గానీ నా కారణం వేరు. ఆ గిన్నెలో ఉన్నదాన్ని మేము పెసరకట్టు అనేవాళ్ళం. దాన్ని ఒక మనిషి చేతికిచ్చి, అది ఆయన కడుపులో నిలుస్తుందో లేదో అని గోడగడియారం వంక చూస్తూ నిలబడ్డ ఒక పూట ఇన్నేళ్ళయినా నా అరచేతుల్లో చెమటగా ఉండిపోయింది.

నా మాటల్లో సగం తీసేసి వినడం మా చుట్టాలకి అలవాటు. నేను చెప్పే పులస చేప ప్రతి ఏడూ ఒక జానెడు పొడుగు పెరుగుతుంది, నేను చూసిన పాముకి ఒకసారి మీసాలు కూడా ఉన్నాయి. ఈ గుణం పెళ్ళయ్యాక అబ్బింది కాదు, అసలు పెళ్ళి కుదిరిందే దానివల్ల. ఎనభైల మొదట్లో, కొత్తపేట దగ్గర మా పుట్టింటికి పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు, కాబోయే అత్తగారు వంటొచ్చా అని అడిగితే ఆయ్, వచ్చండి అని తల దించుకుంటే సరిపోయేది. నాకు అంతటితో ఆగే నోరుంటే గదా! మా బాబాయి పెళ్ళికి వంటవాళ్ళు రాకపోతే మూడొందలమందికి నేనే వండేనండి అనేశాను. తలుపు చాటున మా అమ్మ ఊపిరి ఆగిపోవడం నాకు వినిపించింది. అత్తగారు మురిసిపోయారు. మామగారు మాత్రం కాఫీ గ్లాసు కిందపెట్టి, "అంత పప్పులో ఉప్పెంత పడిందమ్మా?" అని అడిగారు. నేను కాస్త ఆలోచించినట్టు నటించి, "గుప్పెడండి" అన్నాను. ఆయనకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గారు.

నిజం చెప్పాలంటే అప్పటికి నాకు వచ్చిన వంట ఒక్కటే. చిన్నప్పుడు జ్వరం వస్తే మా అమ్మమ్మ నన్ను పొయ్యి పక్కనే పడుకోబెట్టుకుని పెసరకట్టు కాచేది. ఎన్నిసార్లు చూశానో, అది మాత్రం చేతికొచ్చేసింది.

ఐనవిల్లికి కూతవేటు దూరంలో ఉండే మా అత్తవారింట్లో తిండి ఎలా ఉండేదో మా తరంవాళ్ళకి వర్ణించక్కర్లేదు. అరటాకు మీద ఎక్కడైనా ఆకుపచ్చ కనిపించిందంటే అది ఆ ఇంటి కోడలికి తలవంపులు. రెండు కూరలు, పప్పు, పులుసు, రోటిపచ్చడి, ఊరగాయలు, వడియాలు, గట్టి పెరుగు, ఇవి మామూలు రోజుల సంగతి. వండేదంతా అత్తగారే. నేను కూరలు తరుగుతూ, కొబ్బరి కోరుతూ, బాబాయి పెళ్ళి కథలో గాడిపొయ్యి పొడుగు పెంచుకుంటూ పోయేదాన్ని. మూడు నెలలు అలా వెళ్ళిపోయాయి.

శ్రావణంలో గోదారికి ఎర్రనీరు తగిలింది. రాజోలు అవతల లంకలో ఉండే మా ఆడపడుచుకి అనుకున్నదానికంటే ముందే నొప్పులొచ్చాయని కబురొస్తే, అత్తగారు వంటిల్లు నాకు ఒప్పగించి, మూడొందలమందికి వండినదానివి, ముగ్గురికి వండలేవా అని నవ్వుతూ వెళ్ళారు. ఆవిడ అవతలికి చేరిన మర్నాటికే వరద పెరిగి పడవలు ఆపేశారు. సరిగ్గా ఆ రోజే మామగారి కళ్ళు పసుపు ముద్దల్లా కనిపించాయి.

పచ్చకామెర్లు. మా ఆయన అమలాపురం నుంచి డాక్టరుగారిని తీసుకొచ్చారు. మందులిచ్చి, నూనె, నెయ్యి, కారం, చింతపండు ఇంట్లోకే రానివ్వద్దన్నారు. తేలిగ్గా అరిగేది ఏదైనా పెట్టండి, మందుకన్నా ఆయన ఒంట్లోకి ఇంత ఆహారం వెళ్ళడం ముఖ్యం అని మరీ మరీ చెప్పారు. తేలిగ్గా అన్న మాట నా చెవిలో పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు. పథ్యమైనా సరే, ఆకు నిండకపోతే ఎలా? పైగా నా అబద్ధం బయటపడకూడదు. అత్తగారు వండగా చూసిన గుర్తుతో నూనె లేని గుత్తివంకాయ వండాను, కారం లేని దప్పళం కాచాను, చింతపండు బదులు మామిడి ఒరుగు వేసి ఒక పులుసు కనిపెట్టాను. తాలింపు లేదన్న లోటు తెలియకుండా అన్నిట్లోనూ ధనియాలు, మెంతులు, మిరియాలు గుప్పించాను. తొమ్మిది రకాలు వడ్డించి, అప్పటి పద్ధతి ప్రకారం మామగారి ఎదట పడకుండా తలుపు చాటుకి తప్పుకునేదాన్ని. ఆయన నా ముఖం చూడరు, గుమ్మం వైపు చూసి మాట్లాడతారు. మొదటిరోజు రెండు ముద్దలు తిని, చాలమ్మా అని గుమ్మానికి చెప్పి లేచిపోయారు. రెండోరోజు ఒక ముద్ద. మూడోరోజు ఆ వాసనకే వాంతి చేసుకుని, గోడ పట్టుకుని కూలబడ్డారు. ఆరడుగుల మనిషి, కొబ్బరి గెలని ఒంటిచేత్తో ఎత్తే మనిషి, మా ఆయన భుజం మీద వాలి మంచం ఎక్కుతుంటే తలుపు సందులోంచి చూశాను. మామగారికి జబ్బు చేస్తే చేసింది గానీ, ఆయన్ని పస్తులు పెడుతున్నది నా వంటేనని ఆ క్షణాన నాకు అర్థమైంది.

డాక్టరుగారు మళ్ళీ వచ్చి నాడి చూసి మొహం గంభీరంగా పెట్టారు. రేపు మధ్యాహ్నంలోగా కాస్త ఏదైనా కడుపులో నిలవకపోతే కాకినాడ తీసుకెళ్ళి సెలైను ఎక్కించక తప్పదన్నారు. కాకినాడకి దగ్గర దారైన ముక్తేశ్వరం రేవు వరదకి మూసేశారు. రావులపాలెం మీదుగా ఆ గోతుల రోడ్డున చుట్టు తిరిగి వెళ్ళాలి, ఈ నీరసానికి ఆ ప్రయాణమే ప్రమాదమని ఆయనే అన్నారు. అయినా కారు మాట్లాడి ఉంచమన్నారు. కన్నకూతురి కాన్పుకి వెళ్ళిన అత్తగారికి ఈ సంగతి చేరే దారి కూడా లేదు.

మర్నాడు పొద్దున్న వంటింట్లో తొమ్మిది గిన్నెలూ బోర్లించి, ఒక్కటే గిన్నె పొయ్యి మీద పెట్టాను. పెసరపప్పు దోరగా వేయించి, ఒకటికి ఎనిమిది నీళ్ళు పోసి, కొబ్బరి డొక్కల సెగ మీద మెత్తగా ఉడకనిచ్చాను. పైకి తేరిన కట్టు వంచి, ఇంత జీలకర్రపొడి, ఇంత ఉప్పు. అంతే. రెండోరకం లేదు. ఆ ఇంట్లో ఒక్క గిన్నెతో భోజనం సిద్ధం కావడం అదే మొదటిసారేమో.

సరిగ్గా అప్పుడే పక్కింటి పిన్నిగారు పెరటి దారిన వచ్చి గిన్నెలోకి తొంగిచూశారు.

"ఇదేటమ్మా, ఇంతేనా? అంత మనిషికి ఈ నీళ్ళా పెడతావు? మీ అత్తగారు వింటే ఏమంటారు? మూడొందలమందికి వండిన చెయ్యంట!"

"నీళ్ళు కాదు పిన్నిగారూ, మందండి. డాక్టరుగారు మద్రాసు నించి తెప్పించేరు. ఎవరి కళ్ళయినా పడితే పనిచెయ్యదని చెప్పేరండి," అన్నాను రెప్ప వెయ్యకుండా. ఆవిడ చటుక్కున కళ్ళు పక్కకి తిప్పుకుని వెళ్ళిపోయారు. అంత భయంలోనూ నా నోరు నా మాట వినలేదు.

గిన్నె పట్టుకుని గదిదాకా వెళ్ళాను. గుమ్మం దగ్గర పెట్టి తప్పుకోవాలి. కానీ ఆయన లేచి వచ్చే స్థితిలో లేరు, మా ఆయన కారు కోసం వెళ్ళారు. గడప ముందు ఎంతసేపు ఆగానో గుర్తులేదు. దాటాను. మంచం పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను. మామగారు పసుపు కళ్ళు తెరిచి, పెళ్ళయ్యాక మొదటిసారి నేరుగా నా ముఖంలోకి చూశారు. పిన్నిగారి దగ్గర గడగడా వచ్చినట్టు ఆ కళ్ళ ముందు అబద్ధం ఒక్కటీ రాలేదు.

"మావయ్యగారండీ, నాకు వంట రాదండి. మూడొందలమందీ అబద్ధమండి. ఇది ఒక్కటే వచ్చండి నాకు. దీన్నైనా తాగండి," అని ఏడుపు మింగుతూ చెప్పాను.

ఆయన చెయ్యి చాచారు, గిన్నె బరువు ఆపలేకపోతే నేనే పట్టుకున్నాను. ఒక గుక్క. ఆగారు. ఇంకొక గుక్క. సగం గిన్నె అయ్యాక వెనక్కి వాలారు. గోడగడియారం పదిన్నర చూపిస్తోంది. నిన్న వాసనకే వాంతి అయింది. పావుగంట గడిచింది. ఆయన నుదుట చెమట పట్టింది, గొంతు ఒకసారి కదిలింది, నేను ఇత్తడి పళ్ళెం అందుకున్నాను. ఏమీ కాలేదు. బయట కారు వచ్చి ఆగిన చప్పుడైంది. మా ఆయన కారులో పరుపు, దిండు సర్ది గదిలోకి వచ్చి, నేను మామగారి మంచం పక్కన కూర్చుని ఉండడం చూసి నిర్ఘాంతపోయారు. చేత్తోనే ఆగమన్నాను. పదకొండయింది. డ్రైవరు అరుగు మీద కూర్చుని విసుగ్గా చుట్ట వెలిగించాడు. పదకొండున్నర. మామగారు కళ్ళు మూసుకునే ఉన్నారు, ఊపిరి అందుతోందా లేదా అని నేను వంగి చూస్తున్నాను.

"ఇంకా ఉందా, అమ్మాయ్?"

మిగిలిన సగం గిన్నె మళ్ళీ అందుకున్నాను.

"ఉప్పు... గుప్పెడేనా?" అన్నారు, కళ్ళు తెరవకుండానే. ఆ తువ్వాలు నోటికి అడ్డం లేదు ఈసారి. పెదవి చివర నవ్వు స్పష్టంగా కనిపించింది. అంటే పెళ్ళిచూపులనాటి నుంచీ ఆయనకి తెలుసన్నమాట!

కారు ఖాళీగా వెళ్ళిపోయింది. మర్నాడు కట్టులో రెండు మెతుకులు పిసికాను, ఆ తర్వాత మెత్తటి అన్నం, పొట్లకాయ, పల్చటి మజ్జిగ. ఎప్పుడూ ఒక్కటే గిన్నె. వరద తీశాక అత్తగారు మనవడి కబురుతో వచ్చేసరికి మామగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. జబ్బు సంగతి విని ఆవిడ గొల్లుమంటే ఆయన తాపీగా, "నీ కోడలు పూటకి తొమ్మిది రకాలు వండి పెట్టి బతికించిందే!" అన్నారు. ఒక్క అక్షరం తడబడలేదు. అబద్ధాల్లో నాకు అంతకు మించిన గురువు తర్వాత దొరకలేదు. తీరిగ్గా అత్తగారి దగ్గర వంటంతా నేర్చుకున్నాను గానీ, ప్రతి శనివారం సాయంత్రం మాత్రం తన ఆకులో ఇంకేమీ వద్దని, కట్టు, అన్నం చాలని మామగారు పట్టుబట్టేవారు. ఏళ్ళు గడిచేసరికి ఇంటిల్లిపాదికీ అదే అలవాటైంది. ఆకులో పచ్చదనం కనిపించినా తలవంపులు కాలేదు.

ఇప్పుడు తక్కువ తినడం గొప్ప, తక్కువ దినుసులతో వండడం ఇంకా గొప్ప. మంచిదే. తొమ్మిది గిన్నెలు తోమినవాళ్ళెవరూ ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకోరు. మా కోడలు ఆ ఫోనులో చూసినట్టే కొలిచి కొలిచి చేసింది, బాగానే కుదిరింది. ఉప్పు ఎంత వెయ్యాలి అత్తయ్యా అని అడిగితే గుప్పెడు అన్నాను. కంగారుపడి నా ముఖం చూసింది, నవ్వాలో వద్దో తెలియలేదు పాపం. ఆ మాటకి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గే మనిషి ఇప్పుడు లేరు. మా ఈ ఇంట్లో వంటగదికీ హాలుకీ మధ్య గోడే లేదు. ఎవరూ ఎవరి చాటునా నిలబడక్కర్లేదు. అయినా గిన్నె చేతిలోకి తీసుకుని రెండడుగులు వేసేసరికి నా కాలు దానంతటదే ఆగింది, అక్కడ లేని గడప కోసం.