ఎర్ర సిరాతో ఒక్క మాట

నా చిన్నప్పుడు మా పెద్దమ్మ నాకు రాయడం నేర్పింది. అక్షరాలు కాదు, చూసినదాన్ని చూసినట్టు రాయడం. ఒక గురువారం మధ్యాహ్నం మొదలై మరునాటి ఉదయం ముగిసిన పాఠమది. ఆనాటి కాగితాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి కనుక, జ్ఞాపకం తడబడిన చోట వాటిని చూసే రాస్తున్నాను.

మేము అట్లాంటాకు ఉత్తరాన ఉండేవాళ్లం. నేడు తెలుగువాళ్ల ఇళ్లతో నిండిన అల్ఫారెట్టా అప్పట్లో గుర్రాల కొట్టాలున్న చిన్న ఊరు. మా అమ్మకు అక్క అయిన పెద్దమ్మ గుంటూరులో మిషన్ ఆసుపత్రి నర్సుగా చేసి, ఇక్కడా అదే ఉద్యోగంలో చేరింది. మా అపార్ట్‌మెంటులో చిన్న జాతి కుక్కలకే అనుమతి. ఏడాదిగా నేను పెడుతున్న పోరు భరించలేక, ఆమె ఒక సెలవురోజున నన్ను దిక్కులేని కుక్కలను ఉంచి పెంపకానికిచ్చే షెల్టర్‌కు తీసుకువెళ్లింది.

ముందు గదుల్లో అన్నీ పెద్ద కుక్కలే. చిన్నవి కావాలంటే వెనక వరసకు వెళ్లాలన్నాడు అక్కడి ఉద్యోగి. ఆ వరసలో ఎనిమిది బోనులు, చివర ఒక ఇనుప తలుపు. మొదటి బోనులో మోచేతి పొడవైనా లేని చివావా జాతి కుక్క ఒకటి గోడకు ఆనుకుని వణుకుతోంది. దాని కార్డు మీద ఎర్ర సిరాతో 'కరుస్తుంది' అనీ, కింద 'శుక్రవారం' అనీ ఉంది. శుక్రవారం ఏమిటని నేను అడిగాను. అతడు ఇనుప తలుపు వైపు చూశాడు. ఆ తలుపు దాటిన కుక్క తిరిగి ఇటు రాదని నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. పెద్దమ్మ మాత్రం ఉతికిన చీరతోనే సిమెంటు నేల మీద చతికిలబడింది.

"కరుస్తుందట! టీకా వేయడానికి పట్టుకుంటే నువ్వు నా మణికట్టు కొరకలేదుట్రా? నీ మెడలో ఏమన్నా బోర్డు కట్టామా?"

తన సంచిలోంచి ఆసుపత్రి చార్టు కాగితం ఒకటి తీసి నాకిచ్చింది. వార్డులో రోగి దగ్గర ఎలా రాస్తారో అలాగే రాయమంది: ఎన్ని గంటలకు, మనం ఏం చేశాం, అది ఏం చేసింది. కుక్క మొదటిసారి పళ్లు చూపగానే నేను 'కోపంగా ఉంది' అని రాశాను. ఆమె దాన్ని కొట్టేసింది.

"కోపం నీ కంటికి కనపడిందా? కనపడింది రాయి."

రెండు గంటలు రాశాను. కుడివైపు నుంచి చెయ్యి చాపితే వాసన చూసింది. ఎడమవైపు నుంచి చాపితే ఉలిక్కిపడి గాలిని కొరికింది. కుడివైపు వేసిన బిస్కెట్ ముక్క తిన్నది, ఎడమవైపు వేసినదాన్ని తొక్కుకుంటూ తిరిగింది. మూడోసారీ అదే జరిగాక, పెద్దమ్మ దాని ముఖాన్ని నెమ్మదిగా వెలుతురుకు తిప్పింది. ఎడమ కంటి మీద తెల్లని పొర. పాపం దానికి అటునుంచి వచ్చే చెయ్యి ఏదైనా చీకట్లోంచి ఊడిపడినట్టే.

ఉద్యోగి మా కాగితం చదివి, భుజాలెగరేసి, సంతకం పెట్టించుకుని కుక్కను ఇచ్చేశాడు. పెద్దమ్మ దాన్ని కొంగులో చుట్టుకుంది. వెళ్లబోతూ నేను పక్క కార్డు చదివాను. తరువాత దాని పక్కది. ఏడింటి మీదా అదే మాట, అదే ఎర్ర సిరా, అదే చేతిరాత, అదే శుక్రవారం. చివరి బోనులో పాలపళ్లైనా పూర్తిగా రాని కూన ఒకటి కమ్మీల మధ్య నుంచి నా వేలు నాకింది.

"పెద్దమ్మా, ఇది కూడా బైట్ చేస్తుందా?"

ఆమె కార్డులన్నీ ఒకసారి చూసి ఉద్యోగిని అడిగింది. ఈ వరసకు వచ్చినవాటికి అదే రాస్తామనీ, అలా రాసి ఉంటే ఎవరూ అడగరనీ, పని తేలికవుతుందనీ అతడు చెప్పాడు. అతని గొంతులో కర్కశత్వం లేదు. ఆ మాటను ఆనాడే కాగితం వెనుక రాసుకున్నాను. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చదివినా నా ఆగ్రహం ఇసుమంతైనా తగ్గలేదు.

మూసే వేళయింది. తాను పొద్దున్నే వస్తాననీ, అంతవరకూ వీటిని ఇలాగే ఉంచమనీ పెద్దమ్మ బతిమాలింది. ఎనిమిదింటికి తెరుస్తామన్నాడు. అంతకుముందు అక్కడ ఏ పని జరుగుతుందో అతడు చెప్పలేదు, మేము అడగలేదు. ఆ అడగకపోవడమే మా తప్పు.

మర్నాడు ఎనిమిదికి ముందే తలుపు దగ్గర నిలుచున్నాం. ఆమె సంచిలో ఏడు ఖాళీ చార్టులు ఉన్నాయి. లోపలికి వెళ్లేసరికి వెనక వరస బోనులన్నీ తెరిచి ఉన్నాయి. కార్డులు లేవు. బ్లీచింగ్ వాసన. పెద్దమ్మ ఒక చార్టు నా చేతిలో పెట్టింది.

"చచ్చిపోయాయని రాయనా?"

"నువ్వు చూశావా?"

లేదన్నాను.

"చూసింది రాయి, నాన్నా."

ఎనిమిది గంటల రెండు నిమిషాలు. ఏడు బోనులు ఖాళీ. నేల తడిగా ఉంది. ఇనుప తలుపు మూసి ఉంది.

ఆ పేజీ నకలు జతచేసి ఆమె అధికారులకు మూడు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. కొంగులో చుట్టుకు వచ్చిన కుక్క మాత్రం మాతో పదకొండేళ్లు బతికింది. మేము ఎప్పుడూ దాన్ని కుడివైపు నుంచే పలకరించాం. అది ఎవరినీ కరవలేదు.

మొన్న మా మనవరాలు చిన్న కుక్కను తెచ్చుకుంటానంటే రెస్క్యూ హోమ్‌కు తోడు వెళ్లాను. గోడలకు రంగుల బొమ్మలు, ఆడుకోవడానికి పచ్చగడ్డి. తనకు నచ్చిన కుక్క బోను మీద 'మొండిది' అని ఒక్క మాట ఉంది. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "తాతా, ఇది వద్దులే, వెళ్దాం" అంది. నేను కదలలేదు. ఎవరు చూశారో, ఎన్ని గంటలకు చూశారో రాసి ఉందేమోనని ఆ మాట కింద వెతికాను. లేదు. అప్పుడు కళ్లద్దాలు సరిచేసుకుని, ఇన్నేళ్లుగా ఎక్కడికి వెళ్లినా చేస్తున్నట్టే, పక్క కార్డు చదవడానికి వంగాను.