తెరమీది గ్రంథపాలకుడు

హనుమండ్లు సినిమాకు రానన్నాడు. ఆయన ఊరైన ఇసుకవాడ వాళ్లు వినలేదు.

మంచిర్యాల టాకీసులో కొత్త బొమ్మ పడింది. అందులో వరదొచ్చి ఊరు మునుగుతుందట. గ్రంథాలయంలో పనిచేసే ముసలాయన పుస్తకాల కోసం ప్రాణం విడుస్తాడట. మొదటిరోజే చూసొచ్చిన పంచాయతీ మెంబరు పోశం, హనుమండ్లు పనిచేసే గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని కథంతా చెప్పాడు.

"అచ్చం నువ్వే అన్నా. నీ ముచ్చటనే తీసినట్టున్నరు. ఒక్కపారి చూడరాదే" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆటకు రెండు బండ్లు కట్టారు. దారిలో నస్పూర్ దగ్గర హనుమండ్లు కూతురు బాలలక్ష్మి ఎక్కింది. ఆమె పెనిమిటి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. బండి దిగేదాకా తండ్రీకూతుళ్లు వానల గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. వాళ్ల మధ్య తొమ్మిదేళ్లుగా అంతే.

హనుమండ్లు సాలోళ్ల ఇంట పుట్టి, మగ్గం గుంటలో కూర్చునే చదువు నేర్చుకున్నవాడు. నిజాం కాలంలో తెలుగు పత్రికలను నూలు మూటల్లో దాచి తెచ్చి నలుగురికీ చదివి వినిపించేవాడు. పోలీసు చర్య తర్వాత పాడుబడిన దొర గడిలో ఒక రాతి గది ఊరికి దక్కితే, దాన్ని గ్రంథాలయం చేసి తాళంచెవి ఆయన చేతిలో పెట్టారు. రెండు అల్మారలు, ఒక బెంచీ, పైన అటక. పుస్తకాలు నాలుగు వందల పైచిలుకు. చినిగిన వాటిని ఆయన భార్య సారక్క కుట్టేది. ఆమెకు అక్షరం రాదు. అయినా మగ్గం దారంతో కుట్టి, గంజి పెట్టి, ఎండలో ఆరేసి ఇస్తే అట్ట మళ్లీ కొత్తదానిలా బిగిసేది.

పందొమ్మిది వందల యాభై ఐదులో వానలు ఐదు రోజులు ఆగకుండా కురిశాయి. గోదారి నిండి, ఊరి పక్క వాగు వెనక్కి తన్నింది. తెల్లవారేసరికి గడి వాకిట్లో మడమ లోతు నీళ్లున్నాయి. సారక్క చలిజ్వరంతో మంచంలో ఉంది. "గిట్ల పోయి గట్ల వస్త" అని చెప్పి, హనుమండ్లు పదకొండేళ్ల బాలలక్ష్మిని వెంటబెట్టుకుని గ్రంథాలయానికి పోయాడు. ఆయన నిచ్చెన మీద నిలబడితే పిల్ల కింది నుంచి పుస్తకాలు అందించింది. ఒక అర ఖాళీ అయింది, రెండోది అయింది. మొదటి అల్మార పూర్తయ్యేసరికి గల్లీలో నీళ్లు నడుముకొచ్చాయి. ఆయన దిగి ఇంటికి పోబోతే ప్రవాహం కాలు నిలవనియ్యలేదు. కాసేపటికి జనం గడి వైపు పరుగెత్తుకొచ్చారు. ఆయన ఒక్కొక్కరి చెయ్యి పట్టి అటక మీదికి లాగాడు. పద్నాలుగు మంది. అందరూ బతికారు. మట్టిగోడల ఇల్లు కూలి సారక్క పోయింది.

ఊరి వాళ్లకు తెలిసింది ఇంతే: పెండ్లాం మంచంలో ఉన్నా, జనం కోసం గడి తలుపులు తెరవడానికి పోయినోడు హనుమండ్లు. ఆయన కాదనలేదు. ఏడాది తిరిగేసరికి అదే నిజమై ఊరంతా పాకిపోయింది.

టాకీసులో ఆయన్ను ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టారు. తెర మీద గ్రంథాలయం కోటంత ఉంది. గోడల నిండా తోలు అట్టల పుస్తకాలు. గ్రంథపాలకుడికి తెల్లగడ్డం, ముక్కు కొసకు జారిన కళ్లద్దాలు, భుజాన చిరిగిన కోటు. వరదొచ్చినప్పుడు పుస్తకాలు రెక్కలు విప్పి నీళ్ల మీద తేలాయి. పుస్తకాలు అట్లా తేలవని హనుమండ్లుకు తెలుసు. అవి నీళ్లు తాగి ఉబ్బి, ఒకదానికొకటి బిగుసుకుని, అల్మార తలుపు తెరవనియ్యవు. వారం తర్వాత రెండో అల్మారను గొడ్డలితో పగలగొడితే లోపల అంతా ఒకటే ముద్ద, కుళ్లిన గడ్డి వాసన.

పడవ వాళ్లు ఎంత పిలిచినా తెరమీది ముసలాయన రాలేదు. పుస్తకాల ముందు చేతులు చాచి చాలాసేపు మాట్లాడాడు. నీళ్లు గొంతుకొచ్చినా మాట తడబడలేదు. ఆ వరద రోజు నిచ్చెన మీద ఉన్నంతసేపూ హనుమండ్లు నోటి నుంచి వచ్చింది ఒకటే మాట, "ఇంకోటి".

హాలంతా ముక్కులు చీదుతోంది. ఆనాడు అటకెక్కి బతికిన ఐలవ్వ వెనక వరస నుంచి లేచి వచ్చి, వంగి ఆయన కాళ్లు ముట్టుకుంది. అప్పుడే బాలలక్ష్మి లేచి బయటికి పోయింది.

ఆయన వెనకే పోయాడు. ఎండ కళ్లలో గుచ్చుకుంది. ఆమె సోడా బండి పక్కన గోడకానుకుని నిలబడి ఉంది.

"సినిమాల ఆయినెకు పెండ్లాం లేదు బాపూ" అంది. "పిల్లలు లేరు. ఎవ్వలూ లేరు. ముందుగాల్నే ఎవ్వలూ లేకుంట జేసి పెట్టిండ్రు."

"తప్పు నాదే బిడ్డా. ఆ దినం ముందుగాల మీ అవ్వను..."

"నేను అడిగిన. అవ్వను తోల్కొస్త, పోత అన్న. గీ అర అయినంక పో అన్నవు."

"అవును, అన్న."

"నేను ఎందుకు పోలే? నాకు కాళ్లు లేవా? ఇంకోటి అంటే ఇంకోటి అందిచ్చిన. మంచిగ అందిస్తున్నవని నువ్వు మెచ్చుకుంటే సంబురపడ్డ."

ఇన్నేళ్లూ హనుమండ్లు ఆ బరువు తానొక్కడే మోస్తున్నాననుకున్నాడు. కూతురు మాట్లాడకపోవడం తన మీద కోపమనుకున్నాడు. ఆ కోపం తనకు న్యాయమే అనుకుని, ఒక విధంగా దాన్ని ఆసరా చేసుకునే బతికాడు. పదకొండేళ్ల పిల్ల చేతుల్లో తాను ఏం పెట్టాడో ఆయన ఒక్కనాడూ చూడలేదు.

"నువ్వు చిన్నపిల్లవు బిడ్డా. నీదేం లేదు" అన్నాడు చివరికి.

"గా మాట అప్పుడు చెప్పవలసింది" అంది ఆమె. నస్పూర్ వైపు నడుచుకుంటూ పోయింది. బండి ఎక్కలేదు.

ఆ నెలలోనే గ్రంథాలయానికి హనుమండ్లు పేరు పెడతామని పంచాయతీ సభ చేసింది. పూలదండ వేయబోతే ఆయన పోశం చెయ్యి పట్టుకుని ఆపాడు. లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. జనం కోసం పోలేదని, పుస్తకాల కోసమే పోయానని, ఇంటికి పోయే టైమున్నప్పుడు పోలేదని చెప్పాడు. చెప్పడం అయిపోయాక ఐలవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పెద్దమనిషి. చేసిన మంచి గూడ మీదేసుకోడు" అన్నాడు పోశం. అందరూ చప్పట్లు కొట్టారు. దండ మెడలో పడింది.

ఆయన మళ్లీ ఎవరికీ చెప్పలేదు. పని మానుకుంటానంటే పంచాయతీ ఒప్పుకోలేదు. పొద్దున తలుపు తీసేవాడు, సాయంత్రం వేసేవాడు. అడిగిన పుస్తకం ఇచ్చేవాడు. తాను చదవడం మాత్రం మానేశాడు.

నెలకోసారి నాలుగు సొరకాయలు, ఒక మూట కంకులు పట్టుకుని నస్పూర్ పోయేవాడు. బాలలక్ష్మి కాళ్లకు నీళ్లిచ్చేది, అన్నం పెట్టేది. ఆయన తినేదాకా ఎదురుగా కూర్చునేది. వానల గురించి కూడా ఇప్పుడు ఎవరూ మాట్లాడేవారు కాదు. చెయ్యి కడుక్కుని ఆయన కండువా దులుపుకుంటే, "పోతున్నవా" అనేది. "పోత" అనేవాడు.