అమ్మ తుడిచేసిన పడవలు

ఇంటర్ గట్టెక్కి ఊరికే తిరిగే ఆ రోజుల్లో, నా అంతటి చిత్రకారుడు ఇంకా పుట్టలేదని నాకు గట్టి నమ్మకం. గోదావరిఖని మొత్తమ్మీద ఆ నమ్మకం నా ఒక్కడికే ఉండేది. మా క్వార్టర్ వెనకాలే ఓపెన్‌కాస్టు గని. అక్కడ పేల్చినప్పుడల్లా నల్లటి దుమ్మొచ్చి మంచాల మీద, గిన్నెల మీద, ఆరేసిన బట్టల మీద పడేది. అందుకే మా అమ్మ కొంగుతో తుడవనిదే దేన్నీ ముట్టనిచ్చేది కాదు. (ఇంటికొచ్చిన చుట్టాన్ని కూడా ఓసారి దులిపి కూర్చోబెడుతుందని మా బావ వేళాకోళం.)

ఆ ఏడు భూగర్భ గనిలో పనిచేసే నాన్నకు కంపెనీ టూరు సెలవు ఇస్తే, పట్టుబట్టి పుదుచ్చేరి ప్రయాణం కట్టించాను. పేరున్న చిత్రకారులెందరో ఆ ఊరిని గీశారని మా డ్రాయింగు సారు చెప్పేవారు. పసుపు గోడలు, నీలం తలుపులు, గోడల మీంచి వేలాడే కాగితంపూలు, ప్రతి వీధి చివరా సముద్రం. నేను నోరు తెరుచుకుని తిరిగాను. నాన్న మాత్రం ఎండకు కళ్లు గుంజుతున్నాయని నీడ వెతుక్కున్నాడు. ఒడ్డున స్టాండు పెట్టుకుని, పక్కవాళ్లతో హిందీలో మాట్లాడుతూ ఒక ముసలి మేడమ్ బొమ్మ వేస్తుంటే నేను అక్కడే పాతుకుపోయాను. అది చూసి నాన్న నా సంగతి తేల్చేశాడు.

"రేపు నీ బొమ్మలు ఆమెకు చూపెట్టు. నీ చేతిల పనున్నదంటే బొమ్మల కాలేజిల చేరు. లేదంటే నోరు మూసుకొని నా ఎంబడి బాయికి నడువు."

బాయి అంటే మా దగ్గర బొగ్గుగని. ఆ రాత్రి వెంట తెచ్చుకున్న బొమ్మలన్నీ పరిచి మంచివి ఏరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే బొమ్మల కట్ట చంకన పెట్టుకుని అమ్మానాన్నలతో బయల్దేరాను. మేడమ్ ఎదురుగా ఉన్న బండి దగ్గర టీ తాగుతోంది. స్టాండు మీద ఆమె బొమ్మ ఆరుతోంది. హిందీలో మాట ఎలా మొదలుపెట్టాలా అని నేను గొణుక్కుంటుండగా అమ్మ ఆ బొమ్మ దగ్గరికి నడిచింది. నీలం సముద్రం మీద దూరంగా నల్లనల్లటి చుక్కలు. అమ్మ చేయి ఊరుకుంటుందా? కొంగు తీసి ఒక్క రుద్దు రుద్దింది.

"ఇంత మంచి బొమ్మ మీద దుమ్ము వడ్డది బిడ్డా. ఆమె సూసుకోలే" అంది తృప్తిగా.

ఆ దుమ్ము, చేపల పడవలు. వాటితోపాటే నా కాలేజీ కూడా మునిగిందనుకున్నాను.

మేడమ్ వచ్చి బొమ్మ చూసింది, అమ్మ కొంగుకంటిన నీలం చూసింది. నేను వచ్చీరాని హిందీలో మా ఊరు, గని, దుమ్ము, అమ్మ అలవాటు, అన్నీ ఏకరువు పెట్టాను. ఆమె కుంచె నా చేతిలో పెట్టి, మీ అమ్మ తీసేసిన పడవలు నువ్వే వెయ్యమంది. వేశాను. అవేమిటని అడిగింది. తేరిపార చూసుకుంటే పడవలు కావు, గనిలో బొగ్గు మోసే టబ్బులు! నా చేతికి తెలిసింది అవే మరి. ఆమె పడీపడీ నవ్వింది. ఆనక నా కట్ట విప్పి ఒక్కో బొమ్మా నిదానంగా చూసి, ఈ చేతిని రంగుల దగ్గరే ఉంచండని నాన్నతో చెప్పింది.

నాన్న నా బొమ్మలన్నీ ఏరి తానే కట్ట కట్టాడు.

"నా జిందగీ బాయిల చీకట్లనే పాయె. వీడన్న ఎలుగుల ఉండనీ" అన్నాడు అమ్మతో.

ఆ మాటకు నాకు దుఃఖం ఆగలేదు. అమ్మ అదే నీలం కొంగుతో నా మొహం తుడిచి, నన్నూ రంగులమయం చేసింది.

బొమ్మల కాలేజీలో చదివి, ఇప్పుడు గోదావరిఖనిలోనే డ్రాయింగు మాస్టారుని. మొన్న వరండాలో సముద్రం బొమ్మ ఆరబెడితే అమ్మ కొంగు పైకెత్తి, ఎందుకో ఆగి, నన్ను పిలిచింది.

"బిడ్డా, గివి పడవలా, దుమ్మా?"

అద్దాలు పెట్టుకుని ఎంతసేపు చూసినా నాకూ తేలలేదు. పడవలేనమ్మా, ఉండనీ అన్నాను.