రానూ పోనూ కొలిచిన మా బావ

మా బావ పోయాడన్న కబురు ట్రంకాల్‌లో వచ్చింది. బందరులో నేను పనిచేసే పత్రిక ఆఫీసుకి గుడివాడ నుంచి అక్కే చేసింది. "మీ బావ పోయాడ్రా. పొద్దున కొట్లో స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సాయంత్రం తీసేస్తారంట. అన్నం తిని బయల్దేరు," అంది. గొంతు వణకలేదు. "ఇక ఈ ఇంట్లో ఏదన్నా చేజారి పగిలితే భయపడక్కర్లేదు," అని ఫోన్ పెట్టేసింది.

చూడ్డానికి వచ్చినవాళ్లలో లారీలవాళ్లే ఎక్కువ. వీధి అరుగు మీద ఒకాయన "మనిషి మంచోడేనండి" అని మొదలుపెట్టాడు. పక్కవాళ్లెవరూ అందుకోలేదు. ఆయనే మళ్లీ "పని మంచిదండి" అని సర్దుకున్నాడు. ఈ మాటకి అందరూ తలలూపారు. నేను కూడా ఊపాను. ఇక్కడ రాయబోయేది కూడా అంతకంటే ఎక్కువేం కాదు.

గుడివాడ బస్టాండు వెనక బావకి చిన్న కొట్టు ఉండేది. లారీలకీ ట్రాక్టర్లకీ బ్యాటరీ పని, వైరింగు చేసేవాడు. తీగ మీద రబ్బరు పళ్లతో లాగేవాడు. అలా లాగీ లాగీ ముందు పన్ను ఒకటి సగానికి అరిగిపోయింది. కొరికిన తీగ ముక్కని నాలుకతో తిప్పి, రాగో కాదో చెప్పి, ఉమ్మేసేవాడు. వచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా సరే, ఆ ఉమ్మి కాళ్ల దగ్గరే పడేది.

ఒకసారి లారీ ఓనరొకాయన ముందువైపు అదనంగా రెండు పెద్ద లైట్లు బిగించుకుని వచ్చాడు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సన్న తీగతోనే వాటికి కరెంటు ఇప్పించాడు. కాలిన వాసన వస్తోందని చెప్పాడు. బావ లైట్లు వేసి, ఆయన చేత తీగ చుట్టూ పిడికిలి మూయించి, పైన తన చెయ్యి వేసి నొక్కి పట్టాడు.

"కాల్తందండీ!"

"కాలనీ."

"వదలండి బాబూ, బొబ్బలెక్కుద్ది!"

"నీకు బొబ్బలు, దానికి మంట. ఏది ముందొస్తదో చూద్దాం."

వదిలేసరికి ఆయన అరచేతిలో తీగ మందాన ఎర్రటి గీత పడింది. "ఆ గీత షాపులో చూపించు. దీనికి మూడింతలు లావుది ఇవ్వమను," అన్నాడు బావ. పక్కనున్న డ్రైవరు నవ్వాడు. బావ నవ్వలేదు.

ఆయన కోపానికి ఉన్న కారణం ఒకటే. ఇంట్లో కరెంటు ముట్టుకుంటే కొడుతుంది కాబట్టి జనం దానికి భయపడతారు. బ్యాటరీ కొట్టదు కాబట్టి దానికి ఎంత సన్న తీగైనా చాలనుకుంటారు. నిజం దానికి తలకిందులు. అదే వెలుగు కావాలంటే పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి ఇంటి కరెంటు కంటే ఇరవై రెట్లు దాకా పారాలి. పొట్టి తీగైతే అంత కరెంటుకి వేడెక్కి కాలుతుంది. పొడుగు తీగ కాలకపోవచ్చు. చేతికి చల్లగానే ఉంటుంది, కానీ వెలుగుని దారిలోనే మింగేస్తుంది. "పొట్టిదానికి వేడి చూడు, పొడుగుదానికి వెలుగు చూడు," అనేవాడు బావ. బ్యాటరీ నుంచి బల్బు దాకా కొలిచి ఆగిపోయేవాళ్లని మరీ తిట్టేవాడు. "బస్సెక్కి వెళ్లినోడు తిరిగి రావద్దా? రానూ పోనూ కొలవరా సన్నాసీ!" కరెంటు వెళ్లేదే కాదు, తిరిగొచ్చేది కూడా తీగలోనేనని ఆయన చెప్పే పద్ధతి అది.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు ఒక సహాయ సంఘం హంసలదీవి దగ్గర పల్లెకారులకి తెరచాప నావలు కట్టించి ఇచ్చింది. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర మోటారు లాంచీలు తిరుగుతాయి కాబట్టి ప్రతి నావలోనూ ఒక బ్యాటరీ, తెరచాప కొయ్య చివర లారీ ముందు దీపాల్లో వాడే బల్బు పెట్టాలని అనుకున్నారు. మొదటి మూడు నావలకి బందరులో ఇళ్లకి వైరింగు చేసే ఒకాయన తీగ కట్టాడు. ఇళ్లలో దూలం నుంచి బల్బు వేలాడదీసే మెలితిప్పిన జంట తీగ అది. దీపాలు వెలిగాయి. దండలు వేశారు. నావలు నీళ్లలోకి దిగాయి.

నాలుగో నావ నాంచారయ్యది. ఉప్పెన అతన్నీ భార్య వీరమ్మనీ మాత్రం మిగిల్చింది. పిల్లల సంగతి వాళ్లు చెప్పరు, ఎవరూ అడగరు. ఆ నావకీ తీగ కట్టేసి బందరు మనిషి వేరే పని మీద వెళ్లిపోయాడు. బ్యాటరీ బిగించి, అంతా సరిగా ఉందో లేదో చూడమని సంఘంవాళ్లు బావని పిలిపించారు. ఆయన సరే అన్నాకే నావ అప్పగిస్తామన్నారు. వార్త రాయడానికి నేనూ వెళ్లాను.

బావ నావ వెనక బ్యాటరీ పెట్టె దగ్గర తాడు పట్టి, కొయ్య మొదలు దాకా, అక్కణ్ణించి చివర దాకా కొలిచాడు. అదే తాడుతో మళ్లీ అంత పొడుగూ కొలిచాడు. తీగ కొస కొరికి చూశాడు. కొయ్య పైనుంచి కింద దాకా దాన్ని పీకేసి, పటకారుతో జానెడు జానెడు ముక్కలు చేశాడు.

"అదేంటి మేస్త్రిగారూ!" అన్నాడు నాంచారయ్య. "తక్కిన మూడింటికీ అదేగా? ఎలుగుతున్నాయిగా?"

"వెలుగుతున్నాయి, నువ్వు పక్కన నిలబడి చూస్తే."

"పీకితే పీకారు. ముక్కలెందుకు చేశారండీ?"

"నే వెళ్లగానే నువ్వే మళ్లీ కడతావు గనక."

వీరమ్మ ముందుకొచ్చింది. "అసలు దీపమే వద్దు బాబూ. మా మావ ఏ దీపం పెట్టుకుని యాటకెళ్లాడు? నావ ఇప్పించండి చాలు."

"మీ మావ రోజుల్లో లాంచీలున్నాయా?"

"మంచి తీగ ఎప్పుడు తెస్తారు?"

"ఏడు పోగుల రాగి తీగ కావాలి. బెజవాడలో ఉంటే రేపు. లేకపోతే దొరికిన రోజు."

"అందాకా మేం ఏం తినాలి?"

"అది నన్నడక్కు."

వీరమ్మ ఏడవడం మొదలుపెట్టింది. బావ పనిముట్లు సంచిలో సర్దుకుంటూ, "ఏడిస్తే తీగ లావెక్కదు," అన్నాడు. ఆమె పిల్లల సంగతి ఆయనకి తెలుసు. వచ్చేటప్పుడు దారిలో నేనే చెప్పాను.

రాగి తీగ దొరకలేదు. షాపుల్లో ఎక్కడ చూసినా అల్యూమినియందే. లావుగానే ఉంటుంది, కానీ ఉప్పుగాలికి అతుకుల దగ్గర తెల్లగా పొడి కట్టేస్తుంది. బావ అది ముట్టుకోలేదు. వారాలు గడిచాయి. నాంచారయ్య నావ ఇసుకలో బోర్లించే ఉంది. చేపలు బాగా పడే రోజులవి. తక్కిన మూడు నావలూ వెళ్లి వస్తూనే ఉన్నాయి. ఆఖరికి నాంచారయ్య తన పెదనాన్న కొడుకు కొండయ్య నావలో కూలికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఆ మూడింట్లో అదొకటి.

ఒకరోజు తెల్లవారకముందే, ఏటిమొగ దగ్గర ఒక లాంచీ ఆ నావని గుద్దింది. కొండయ్య ఈదుకుంటూ ఒడ్డుకి చేరాడు. నాంచారయ్య రాలేదు.

నేను వెళ్లి ఇద్దరినీ అడిగాను. "దీపం ఎలుగుతానే ఉందండి. మా అమ్మ మీదొట్టు," అన్నాడు కొండయ్య. "దీపం లేదండి. కళ్లు పోయినా సరే, లేదనే చెప్తాను," అన్నాడు లాంచీ డ్రైవరు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని రాసుకుని, ఎవరన్నది తేల్చుకోలేక కూర్చున్నాను. అంతలో గుడివాడ నుంచి బావ వచ్చాడు.

"ఏం అడిగావురా పేపరోడా?"

"దీపం వెలిగిందా లేదా అని."

"అది అడిగితే ఇద్దరూ నిజమే చెప్తారు. ఎంత దూరానికి కనిపించిందని అడుగు."

విరిగిన కొయ్య తీగతో సహా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. బావ కొత్త బల్బు తీసుకుని, తను తెచ్చిన బ్యాటరీకి నేరుగా ఆనించాడు. పట్టపగలు ఎండలో కూడా కళ్లు మూసుకోవలసి వచ్చింది. తర్వాత అదే బల్బుని కొయ్య చివర తీగకి కలిపి, రెండో కొస బ్యాటరీకి ఆనించాడు. వెలిగింది. గాజులోపల బీడీ నిప్పంత ఎరుపు. కొయ్య మధ్యలో అతుకు విప్పి చూపించాడు. ఉప్పుకి పచ్చగా చిలుం పట్టి ఉంది. "సన్న తీగ సగం తింది. మిగిలింది ఇది తింది," అన్నాడు.

కొండయ్య కూలబడ్డాడు. వీరమ్మ నిలబడే ఉంది. బావ ఆమె వైపు తిరిగాడు.

"మీ ఆయన్ని చంపింది ఈ తీగ. నేను మీ నావ ఆపకపోతే ఆయన కొండయ్య నావ ఎక్కేవాడు కాదు. అది కూడా నిజమే. రెండూ రాసుకోరా," అని చివరి మాట నాతో అన్నాడు.

ఆమె ఆయన చంకలో ఉన్న కట్ట వైపు చూసింది. "అదేంటి?"

"ఏడు పోగుల రాగి తీగ. నిన్న దొరికింది."

వీరమ్మ అడ్డం తప్పుకుని, బోర్లించిన నావ వైపు చెయ్యి చూపించింది. "కట్టు," అంది. ఆయన కట్టాడు. శవం దొరికేలోగా నావ తయారైంది. ఆ వారంలోనే వచ్చి మిగిలిన రెండు నావల తీగలూ పీకేసి మార్చాడు. అప్పుడు ఆయనకి మంచినీళ్లు కూడా ఎవరూ ఇవ్వలేదు. ఆయన అడగలేదు.

వీరమ్మ నావకి తీగ కట్టిన రోజు తిరుగు బస్సులో నేను అడిగాను. "బావా, ఆ సన్న తీగతోనే వదిలేసుంటే?"

"నాంచారయ్య సొంత నావలో పోయేవాడు."

"పోకపోవచ్చుగా?"

రెండు ఊళ్లు దాటాక, "పోకపోవచ్చు," అన్నాడు. ఆ విషయం మళ్లీ మా మధ్య రాలేదు. ఆయన మెత్తబడనూ లేదు. ఆ తర్వాత కూడా లారీలవాళ్ల అరచేతుల్లో గీతలు పడుతూనే ఉన్నాయి.

నేను రెండూ రాశాను. పత్రిక రెండూ వేసింది. ఇప్పుడు ఎక్కడ ఏ ప్రమాదం జరిగినా, సాక్షి ముందు కూర్చున్నప్పుడు బావ నేర్పిన ప్రశ్నే వాడుతున్నాను. బ్రిడ్జి ఉందా అని అడగను, ఎంత బరువు ఆగిందని అడుగుతాను. మందు ఇచ్చారా అని అడగను, ఎంత ఇచ్చారని అడుగుతాను. ఆయన మీద నాకు ప్రేమ ఉండేదని చెప్పలేను. ఈ ఒక్కటి మాత్రం ఆయన పెట్టిన తిండే.

పెద్దకర్మ అయ్యాక హంసలదీవి వెళ్లాను. ఈ కబురు వీరమ్మకి వేరే ఎవరో చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. పొద్దు వాలుతోంది. ఆమె గుడిసె ముందు కూర్చుని వల బాగు చేస్తోంది. నావని ఇప్పుడు కొండయ్య నడుపుతున్నాడు, ఆమె వాటా ఆమెకిస్తాడు.

"మా బావ పోయాడమ్మా," అన్నాను.

ఆమె చేతులు ఆగలేదు. "ఎట్టా?"

"గుండె ఆగింది. కొట్లోనే."

"నొప్పి పడ్డాడా?"

"లేదమ్మా. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు."

"అయ్యో," అంది. ముడి బిగించి, మిగిలిన దారం పంటితో తెంపింది. "కాస్తన్నా పడాల్సింది."

ఆమె లేచి ఏటి వైపు చూసింది. కొండయ్య నావ మొగ వైపు కదిలింది, కొయ్య చివర దీపం వేశాడు. తెల్లటి వెలుగు. దానికి ముందు వెళ్తున్న దీపాల్లేని నావలు మసకలో కలిసిపోయాయి. అదొక్కటే సూదిమొనలా నిలబడి ఉంది.

"మొగ దాటినా కనపడతానే ఉంటది బాబూ. ఎంత దూరం పోయినా ఆరదు," అంది వీరమ్మ.

గుడిసెలోకి వెళ్లి, ఆ వెలుగు కనపడకుండా గుమ్మానికి అడ్డంగా గోనెపట్టా దించి, రెండు కొసలూ లోపల్నించి మేకులకి కట్టుకుంది.