ఇసుకలో దాగిన తడి, లచ్చన్న బుడ్డి

తడి ఇసుకను చూసి ఒక మనిషి అంత సంబరపడటానికి అందులో ఏముంది? ఈ ప్రశ్న ఇన్నేళ్లుగా నా దగ్గరికి వస్తూ పోతూ ఉంది. చాలా పుస్తకాలు చదివాను. జవాబు మాత్రం దొరకలేదు. లచ్చన్ననే అడిగి ఉంటే, "నువ్వొక్కపారి ఊపి సూడు వహీద్ భాయ్" అనేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు.

తొంభైల మొదట్లో మాట. మస్కట్ వైపు, అల్ సువైక్ అనే ఊరికి కాస్త ఎగువన మా కంపెనీ ఒక వంతెన కడుతోంది. వానొస్తే తప్ప పారని వాగు మీద వంతెన. నేను కడప నుంచి వెళ్లి అక్కడ స్టోర్ చూసేవాణ్ణి. లచ్చన్నది జగిత్యాల వైపు పల్లె. వచ్చిన కొత్తలో కాంక్రీటు ప్లాంటు దగ్గర రబ్బరు పైపు పట్టుకుని కంకర మీద నీళ్లు కొట్టడమే అతని డ్యూటీ. ఎండకు కాలిన కంకరను చల్లార్చకపోతే కాంక్రీటు ట్రక్కులోనే బిగుసుకుపోతుంది. అయితే ఆ నీళ్లు పక్కనున్న ఇసుక కుప్పలోకి కూడా దిగేవి. తంటా అంతా అక్కడే. కాంక్రీటులో నీళ్లు కొలిచి పోస్తారు. ఇసుక తన కడుపులో పెట్టుకుని తెచ్చే నీళ్లెన్నో తెలియకపోతే ఆ కొలతకు అర్థం లేదు. నీళ్లెక్కువైతే స్లాబు బలం పోతుంది.

అప్పటిదాకా ప్లాంటు ఆపరేటర్ జావెద్ ఇసుకను పిడికిట్లో పిసికి ఒక అంకె చెప్పేవాడు. హైదరాబాదీ కదా, ఆ అంకె చెప్పడంలో ఒక దర్జా ఉండేది. కొన్నిసార్లు సరిపోయేది, కొన్నిసార్లు కాదు. ఇంజనీరు సురేందర్ సార్‌కు అది నచ్చలేదు. మస్కట్ నుంచి ఒక పెట్టె తెప్పించాడు.

ఆ పెట్టె తెరిచిన రోజు నాకు బాగా గుర్తు. లోపల మెరిసే లోహపు బుడ్డి, దాని అడుగున గడియారం లాంటి డయలు, ఒక చిన్న తక్కెడ, రెండు ఉక్కు గుండ్లు, బూడిదరంగు కార్బైడ్ పొడి డబ్బా. సార్ ఇసుకను తూచి మూతలో పోశాడు, పొడినీ గుండ్లనూ బుడ్డిలో వేశాడు, బిగించి గట్టిగా ఊపాడు. తడి తగిలితే కార్బైడ్ గ్యాసు వదులుతుంది. తడి ఎంత ఉంటే గ్యాసు అంత. ఆ గ్యాసు డయలు మీది ముల్లును నెడుతుంది, ముల్లు ఆగిన అంకే ఇసుకలో నూటికెంత తడో చెబుతుంది.

"ఇది ఎవలు నేర్చుకుంటరు?" అన్నాడు సార్.

లచ్చన్న పైపు కింద పడేసి వచ్చాడు. పైపులోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. బుడ్డిని రెండు చేతులా పట్టుకుని ఊపి, డయలును కళ్ల దగ్గర పెట్టుకున్నాడు.

"ఎక్కుతాంది సార్. ఇంకా ఎక్కుతాంది. ఆగింది."

అతని ముఖం చూసిన సార్ ఇంకెవరినీ అడగలేదు.

ఆ రోజు నుంచి లచ్చన్న నడకే మారింది. కుప్ప పైన ఒక పిడికెడు, నడుమ ఒక పిడికెడు, అడుగున ఒక పిడికెడు తీసి కలిపి తూచేవాడు. పొద్దున ఒక అంకె వస్తే మధ్యాహ్నం ఇంకొకటి వచ్చేది. ప్రతిసారీ ఆ వార్త చెప్పడానికి స్టోర్‌కు పరుగెత్తుకొచ్చేవాడు. "భాయ్, పొద్దుగాల ఏడుండె, ఇప్పుడు నాలుగు. ఎండ గుంజుకున్నది." ఇంటికి ఉత్తరాలు నాతోనే రాయించేవాడు. వాటినిండా ముల్లు కబుర్లే. అతని భార్య సత్తవ్వ ఎవరితోనో జవాబు రాయించింది: "ఇసుకల తడి సూసినందుకు జీతమిస్తరా? ఆ కంపెనీల ఇంకో కొలువున్నదా, నేనూ వస్త." అది చదివి వినిపించాక జావెద్ వారం రోజులు అతన్ని ముల్లు సాబ్ అని పిలిచాడు.

ఆ వేసవిలో వంతెన పైస్లాబు వేయాల్సిన రోజు వచ్చింది. శనివారం తెల్లవారగానే మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించాలి. మొదలుపెట్టాక ఆపకూడదు. ఆపితే పోసింది పగలగొట్టడమే.

లచ్చన్న బుడ్డి ఊపాడు. ముల్లు రెండు దగ్గర ఆగింది. అతను కొంచెం తటపటాయించి, "రెండు" అన్నాడు. జావెద్ దాన్ని బట్టి నీళ్లు పెట్టాడు. మొదటి ట్రక్కు వచ్చింది. స్లాబు మీద పోసే ముందు ఇనుప గరాటులో నింపి, బోర్లించి పైకి లాగితే కాంక్రీటు కుప్పగా నిలబడాలి. ఇది రేకు మీద పరుచుకుపోయింది.

"ఇది కాంక్రీటా, అంబలా?" అన్నాడు సార్. ట్రక్కును వెనక్కి పంపించాడు. ప్లాంటుకు వచ్చి, బుడ్డిని చూడను కూడా చూడకుండా అన్నాడు: "దాన్ని స్టోర్‌ల పడెయ్ వహీద్. జావెద్, నువ్వే చేతితోని చూడు. లచ్చన్నా, పోయి పైపు పట్టుకో."

లచ్చన్న కదల్లేదు. కార్బైడ్ డబ్బా మూత తీసి వాసన చూశాడు. ముక్కు చిట్లించే ఆ ఘాటు లేదు. చేతిని తడిచేసుకుని చిటికెడు పొడి వేసుకున్నాడు. బుసబుసమని పొంగాల్సింది, సున్నంలా చల్లగా పడి ఉంది.

"సార్, బుడ్డిది తప్పు కాదు. తప్పు నాది. డబ్బా రూమ్‌కు తీస్కపోయిన."

"ఎందుకు?"

"మామిడికాయలకు సార్."

పక్క తోటాయన గురువారం మా క్యాంపుకు ఒక గంప పచ్చి మామిడికాయలు పంపాడు. లచ్చన్న ఊళ్లో కాయల నడుమ కార్బైడ్ పొట్లం పెట్టి మగ్గబెడతారు. అది మంచిది కాదని ఇప్పుడు అందరికీ తెలుసు, అప్పుడు మా రూమ్‌లో ఎవరికీ తెలియదు. శుక్రవారం సెలవు కదా, డబ్బా రూమ్‌లోనే ఉండిపోయింది, మూత సరిగ్గా పడలేదు. ఆ తీరంలో జూన్ గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆరేసిన చొక్కా సాయంత్రానికీ ఆరదు. ఆ గాలి తడినంతా పొడి తాగేసింది. ఇక ఇసుక తడిని పట్టే సత్తువ దానికెక్కడిది, అందుకే ముల్లు రెండు దగ్గరే ఆగి నీళ్లు ఎక్కువ పడ్డాయి.

"యా అల్లా," అన్నాడు జావెద్, "నేను నాలుగు పండ్లు తిన్న. బ్రిడ్జి నా కడుపులున్నది."

సార్ నవ్వలేదు. గడియారం చూసుకున్నాడు. "వహీద్, స్టోర్‌ల కొత్త డబ్బా ఉన్నదా?"

పరుగెత్తాను. నా జీవితంలో అంత వేగంగా పరుగెత్తింది అప్పుడే అనుకుంటాను. తిరిగొచ్చేసరికి మెస్ నుంచి రొట్టెల పెనం, స్టవ్ వచ్చేశాయి. సార్ ఇసుకను తూచి పెనం మీద పోసి గరిటెతో కలుపుతున్నాడు. తడంతా ఆవిరైపోయాక మళ్లీ తూచి, తగ్గిన బరువును బట్టి లెక్క కడతాడు. బుడ్డితో పోలిస్తే ఇది నిదానమైన పద్ధతి, అయితే అబద్ధం ఆడదు.

"లచ్చన్నా, నాది అయ్యేదాక నీది చెప్పకు," అన్నాడు.

లచ్చన్న సీలు తెంచాడు, తూచాడు, బిగించాడు, ఊపాడు. ఊపుతుంటే గుండ్ల చప్పుడు నా ఛాతీలోనే అవుతున్నట్టుంది. ముల్లు చూసి, డయలు మీద అరచెయ్యి కప్పేశాడు. ట్రక్కు డ్రైవర్లందరూ దిగొచ్చి పెనం చుట్టూ చేరారు. ఇసుక రంగు మారింది. ఆవిరి ఆగింది. సార్ తూచి, అట్టముక్క మీద లెక్క వేశాడు.

"ఆరు. కొంచెం పైన. నీది?"

లచ్చన్న చెయ్యి తీశాడు. సార్ వంగి చూశాడు. ముల్లు ఆరు దాటి వెంట్రుకవాసి పైన నిలబడి ఉంది.

"నీళ్లు తగ్గియ్ జావెద్," అన్నాడు సార్. గొంతులో నవ్వును దాచలేకపోయాడు.

ఆ తర్వాత ట్రక్కు వెనుక ట్రక్కు. ప్రతి దానికి ముందు లచ్చన్న ఊపడం, అంకె అరవడం, జావెద్ నీళ్లు సర్దడం. గరాటులోంచి కాంక్రీటు బుద్ధిగా నిలబడింది. ఎండ నడినెత్తికి రాకముందే చివరి ట్రక్కు ఖాళీ అయింది. అందరం నూనె పూసినట్టు చెమటతో మెరుస్తున్నాం, మిగిలిన మామిడిపండ్లు రూమ్ నుంచి తెప్పించి అక్కడే తినేశాం.

సార్ మాత్రం లచ్చన్నతో, "బుడ్డి నీ చేతిల ఉంచాల్నా వద్దా అన్నది స్లాబు చెప్తది," అన్నాడు. ఆ స్లాబు బలం తేలేదాకా అతను డబ్బాను పసిబిడ్డను కాసినట్టు కాశాడు. మూత మీద ఇటుక, ఇటుక మీద ఇంకో ఇటుక.

ఆ రోజు అదే కాంక్రీటుతో పోసిపెట్టిన దిమ్మెలను నాలుగు వారాలకు ల్యాబులో నొక్కి చూశారు. బలం నిలిచింది. ఆ మర్నాడే సార్ ఇబ్రి అనే ఊళ్లో కొత్త ప్లాంటుకు బయల్దేరాడు. పికప్ బండి స్టోర్ ముందు ఆగింది.

"బుడ్డి ఎక్కియ్ లచ్చన్నా."

లచ్చన్న తలవంచుకుని పెట్టె తెచ్చి వెనకాల పెట్టాడు.

"నువ్వు ఎక్కవా? దాన్ని నేను ఊపాల్నా?"

ఒక్క గంతులో ఎక్కేశాడు. రూమ్‌కు పోయి బట్టలు కూడా తెచ్చుకోలేదు, తర్వాత జావెద్ ట్రక్కులో పంపించాడు. గతుకులకు ముల్లు చెదురుతుందని పెట్టెను ఒళ్లోకి తీసుకుని, రెండు చేతులా పొదువుకుని కూర్చున్నాడు. నేను స్టోర్ గడప మీద నిలబడి చెయ్యి ఎత్తాను. అతను పెట్టె మూతనే చూస్తున్నాడు. బండి మలుపు తిరిగింది.